తూటా ఖర్చుకు కోళ్ళు

దివిలేరు జమీందారు వీరభద్ర భూపతి మీసాలకు పట్టించే నూనెలో సగమైనా తన రివాల్వరుకు పట్టించేవాడు కాదు. ఆ పని ఊరి కమ్మరి అప్పలసూరిది. వానాకాలం మొదట్లో గొట్టం తుడిచి, నూనె రాసి, చెమ్మ చేరకుండా లోపల మైనం గుడ్డ కూరి ఇచ్చాడు.

వానలు వెలిశాక అడవి అంచున ఒక చిరుతపులి చచ్చి పడి ఉంది. దాన్ని తానే ఒక్క తూటాతో కూల్చానని జమీందారు దండోరా వేయించాడు. తూటా ఖర్చు కింద ఇంటికొక కోడిపెట్ట తెమ్మన్నాడు.

అప్పలసూరి కూడా తనకున్న ఒక్క పెట్టనూ చంకన పెట్టుకుని దివాణానికి వచ్చాడు. "పులిని కొట్టిన గొట్టం మసిబారి ఉంటుంది బాబూ, తుడుస్తాను" అని రివాల్వరు అడిగి తీసుకున్నాడు. తూటాలు తీసేసి, "ముందు తమరే వెలుగుకు పెట్టి చూడండి" అన్నాడు.

జమీందారు ఒక కన్ను మూసి చూశాడు. "అంతా చీకటేరా."

అప్పలసూరి పుల్లతో పొడిచాడు. తను కూరిన గుడ్డే చెక్కుచెదరకుండా బయటపడింది. కోళ్ళతో వచ్చిన జనం కిసుక్కుమన్నారు. జమీందారు కళ్ళెర్రజేశాడు.

"వీళ్ళకేం తెలుసు బాబూ" అన్నాడు అప్పలసూరి. "ఈ గుడ్డ ఉండగా తూటా పేలితే గొట్టం బద్దలయ్యేది. అంటే తూటా పేలలేదు. పులి మాత్రం చచ్చింది. తమరి మొహం చూసే చచ్చి ఉంటుంది. తూటాయే ఖర్చు కానప్పుడు కోళ్ళెందుకు?"

కాదంటే అబద్ధం బయటపడుతుంది. జమీందారు మీసం మెలేసి, "అవును, చూపుతోనే చంపాను" అన్నాడు.

కోళ్ళు ఇళ్ళకు వెళ్ళిపోయాయి. మర్నాడు మంగలి గడ్డం గీసి అద్దం చూపించబోతే, జమీందారు గట్టిగా కళ్ళు మూసుకున్నాడట.