మెంబరుగారు చెలమ తవ్విన రోజు

అనగనగా ఒక అడవిలో, ఉగాది దాటితే చాలు వాగు ఎండిపోయి ఇసక మిగిలే అడవిలో, పోలమ్మ అనే ఆడ అడవిపంది ఉండేది. ఉండేది అంటే ఊరికే ఉండడం కాదు పిల్లలూ. తెల్లారగానే వాగులోకి దిగేది. ముట్టెతో ఇసక తోడేది. తోడగా తోడగా అడుగున నీరు ఊరేది. ఆ గుంటనే చెలమ అంటారు. ఆ చెలమలో నీళ్ళే వాగు వార్డులోని కుందేళ్ళు తాగేవి, అడవికోళ్ళు తాగేవి, ముళ్ళపందులు తాగేవి. తాగి, మూతి తుడుచుకుని, వెళ్ళిపోయేవి.

పోలమ్మ ఎందుకు తవ్వడం మొదలుపెట్టిందో తెలుసా? అంతకు ముందటి ఎండల్లో ఆమె చిన్నకూతురు నాలుక బయటపెట్టి పడిపోయింది. మళ్ళీ లేవలేదు. ఆ మర్నాడే పోలమ్మ వాగులోకి దిగింది. అప్పుడు దాన్ని ఎవరూ సేవ అనలేదు. "పంది కదా, బురద కనిపిస్తే ఆగలేదు" అన్నారు.

తర్వాత ఒకసారి అడవికి నిప్పంటుకుంది. పోలమ్మ గడ్డినేలను బారుగా పెళ్ళగించి, మంట ఇటు దాటకుండా ఆపింది. "పంది కదా, నేల కనిపిస్తే ఆగలేదు" అన్నారు. తల్లి చచ్చిన కుందేటి పిల్లల్ని తన పిల్లల పక్కనే పడుకోబెట్టుకుంది. "పంది కదా, పిల్లలెందరో దానికే తెలీదు" అన్నారు. పోలమ్మకు ఒళ్ళు మండేది. కానీ పని ఆగేది కాదు. అదే ఆమె చేసిన తప్పేమో కూడా.

ఆమె మొగుడి పేరు కోరయ్య. పొడుగు కోరలు, దానికి తగ్గ గొంతు. పొద్దంతా గట్టు మీద నీడలో పడుకుని, "అటు తోడు, ఇటు కాదు" అని చెప్పేవాడు. పోలమ్మ ఎటు తోడినా ఇటు కాదనేవాడు.

అలా ఉండగా అడవిసభకు ఎన్నికలొచ్చాయి. ఒక్కో వార్డుకు ఒక్కో మెంబరు. ఎన్నాళ్ళుగానో మెంబరు కావాలని కోరయ్యకు కోరిక. కానీ ఈసారి వాగు వార్డు ఆడజంతువులకు కేటాయించారు. కోరయ్య అన్నం మానేసినంత పని చేశాడు. దుంపలు ముందు పెట్టినా మూతి తిప్పుకున్నాడు. తర్వాత ఏదో తట్టింది. లేచి దుంపలన్నీ తిని, "ఏమే పోలీ, నువ్వు నిలబడు" అన్నాడు. "మిగతాదంతా నేను చూసుకుంటాలే."

పోలమ్మకు ఆశ పుట్టింది. సభలో కూర్చుంటే వాగు గురించి మాట్లాడొచ్చు. పై ఒంపు దగ్గర ఇంకో రెండు చెలమలు తీయడానికి నలుగురినీ కూడగట్టొచ్చు. వచ్చే ఎండల్లో ఎవరి పిల్లా నాలుక బయటపెట్టి పడిపోకూడదు. ఆమె కోరుకున్నది అంతే. "సరే" అంది.

ఆ అడవిలో ఎన్నికల ముందు ఒక ఆచారం ఉంది. పోటీలో ఉన్నవాళ్ళ సేవలేమిటో నల్లబండ ఎక్కి అందరికీ వినిపించాలి. మంచి ఆచారమే. కాకపోతే దానికొక తోక ఉంది. మగజంతువు తన సేవ తనే చెప్పుకోవచ్చు. ఆడజంతువు సేవ మాత్రం మగతోడు చెప్పాలి. ఆడది తన గొప్ప తనే చెప్పుకుంటే వానలు పడవట. ఎవరన్నారయ్యా అంటే ఎవరికీ తెలియదు. అన్నేళ్ళుగా ఏ ఆడదీ బండెక్కలేదు, వానలు మాత్రం ఏటేటా తగ్గుతూనే ఉన్నాయి.

"నా మాట నేనే చెప్పుకుంటాను" అంది పోలమ్మ.

ముళ్ళపంది ముత్యాలత్త బుగ్గలు నొక్కుకుంది. వార్డులో మంచిచెడ్డలన్నీ తనే తేల్చేది ఆ ముసలమ్మ. "ఒసే పోలీ, మగతోడు లేని నేనైతే ఏదో అనుకోవచ్చు. ఇంతటి మొగుణ్ణి పెట్టుకుని నువ్వు బండెక్కడమేమిటే? నలుగురూ ఆయన్ని ఏమనుకుంటారు?"

"నన్నేమనుకుంటారో ఎవరికీ అక్కర్లేదా అత్తా?"

"నిన్ను అనుకునేదేముంది? పందివి" అంది ముత్యాలత్త, ప్రేమగానే.

కోరయ్య బండెక్కాడు. గొంతు సవరించుకున్నాడు. "మా ఆవిడ పోలమ్మ ఈ వార్డుకు చెలమ తవ్వింది" అని మొదలుపెట్టాడు. చప్పట్లు పడ్డాయి. చప్పట్లు వినగానే, "మేమిద్దరం కలిసి మంట ఆపాం" అన్నాడు. ఇంకా గట్టిగా పడ్డాయి. ఇక ఆగలేకపోయాడు. "తల్లిలేని పిల్లల్ని గుండెకు హత్తుకుని పెంచాను! ఈ ముట్టెతో ఇసక తోడి మీ దాహం తీర్చాను! నాది సేవ చేసే వంశం!"

కింద నిలబడిన పోలమ్మ చెవులు దించుకుంది. ఆ ముట్టెకు ఇసక అంటడం ఆమె ఎప్పుడూ చూడలేదు. వార్డువాళ్ళూ చూడలేదు. అయినా అందరూ కన్నీళ్ళు పెట్టుకున్నారు. పోలమ్మ గెలిచింది. దండ కోరయ్య మెడలో పడింది.

మర్నాటి నుంచి వార్డంతా ఆయన్ని "మెంబరుగారూ" అని పిలిచింది. ఆమెను "మెంబరుగారి ఆవిడ" అంది.

మొదటి సభ వచ్చింది. పోలమ్మ శుభ్రంగా బురదస్నానం చేసి బయల్దేరింది.

"పిల్లలకు పాలెవరిస్తారే?" అన్నాడు కోరయ్య. "నేను వెళ్ళొస్తాలే."

వెళ్ళొచ్చాడు. వస్తూ వస్తూ తడి బంకమట్టి ముద్ద ఒకటి ముట్టెతో దొర్లించుకొచ్చాడు. ఆ అడవిలో ఒక వార్డు నేల గురించి ఏ తీర్మానం చేసినా, ఆ వార్డులో గెలిచిన మెంబరు కాలిముద్ర మట్టి మీద పడాలి. ముద్ర లేనిదే తీర్మానం చెల్లదు. "ఇక్కడ కాలు వెయ్యి" అన్నాడు. పోలమ్మ పాలిస్తూనే కాలు చాపి వేసింది.

రెండో సభకు పోలమ్మ పిల్లల్ని వెంటబెట్టుకునే వెళ్ళింది. సభాధ్యక్షుడు పెద్దకొమ్ముల దుప్పి. ఆయన కొమ్ములకు ఎన్ని కొమ్మలున్నాయో అన్ని బంధుత్వాలు. ఆమెను చూసి చాలా మర్యాదగా నవ్వాడు.

"రా అమ్మాయ్, రా. కోరయ్య మెంబరు ఉన్నాడుగా, నువ్వెందుకు శ్రమపడ్డావు? వచ్చావు కాబట్టి ఒక సాయం చెయ్యి. సభకు దాహంగా ఉంది. ఈ దాపుల్లో చిన్న చెలమ ఒకటి తీసి పెట్టు."

పోలమ్మ కోరయ్య వైపు చూసింది. కోరయ్య ఆమె సీటురాయి మీద కూర్చుని ఆకాశం వైపు చూస్తున్నాడు. ఏం చేస్తుంది? పక్కనున్న ఇసకలోకి దిగింది. సభ నడిచింది, ఆమె తవ్వింది. సభ నీళ్ళు తాగింది, ఆమె ఇంటికొచ్చింది. వెనకాలే బంకమట్టి ముద్ద వచ్చింది. కోపం వచ్చినా, గొడవెందుకని కాలు వేసింది.

మూడో ముద్ద సభకు ముందే ఇంటికొచ్చింది.

"ఇదేమిటి?" అంది పోలమ్మ.

"నీకు అర్థం కాదులే. కాలు వెయ్యి."

"అర్థం కానిదాని మీద కాలు ఎందుకు వెయ్యాలి? చెప్పు."

కోరయ్య కాస్త నసిగాడు. "వాగు పై ఒంపు చుట్టూ ముళ్ళకంచె వేస్తారట. దుప్పిగారి మందకోసం. నీరు పదిలంగా ఉంటుందట."

"పై ఒంపులోనే కదయ్యా నా చెలమ! కంచె వేస్తే మన వార్డు ఎక్కడ తాగాలి?"

"అడిగితే పోస్తామన్నారు. పైగా నాకు అధ్యక్షుడి పక్కన సీటు ఇస్తామన్నారు" అని, ఇక దాచుకోలేక, "వాగురత్న అని బిరుదు కూడా!" అన్నాడు.

నాలుక బయటపెట్టి పడిపోయిన చిన్నది పోలమ్మ కళ్ళ ముందు మెదిలింది. అది కూడా అడిగింది. ఎవరు పోశారు?

"కాలు వెయ్యను" అంది.

"మెంబరు మాటకే ఎదురా? వార్డు మెంబరుని నేను!" అని అరిచాడు కోరయ్య.

"అవునా? అయితే మెంబరువి నువ్వే. అన్నీ నువ్వే" అంది పోలమ్మ. చల్లగా అంది. చల్లగా మాట్లాడే ఆడదాన్ని చూసి భయపడాలని కోరయ్యకు ఎవరూ నేర్పలేదు.

సభరోజు పొద్దున్నే పోలమ్మ వాగులోకి దిగలేదు. రాత్రి గాలికి ఇసక జారి చెలమ పూడిపోయి ఉంది. ముత్యాలత్త ముందు, కుందేళ్ళు, కోళ్ళు వెనక, బిలబిలమంటూ వచ్చేశాయి.

"పోలీ! చెలమ పూడిందే! నోళ్ళు ఎండిపోతున్నాయి!"

"నన్నడుగుతారేం?" అంది పోలమ్మ. "మెంబరుగారిని అడగండి. ఇన్నాళ్ళూ ముట్టెతో ఇసక తోడి మీ దాహం తీర్చిందెవరు? బండ మీద మీరందరూ విన్నారు. చప్పట్లు కూడా కొట్టారు."

అందరూ కోరయ్య వైపు తిరిగారు. కోరయ్య సభకు బయల్దేరుతున్నాడు. కోరలకు పసుపు పూలు గుచ్చుకున్నాడు.

"నాకు సభ ఉంది" అన్నాడు.

"అయ్యో, సేవ చేసే వంశం కదా బాబూ!" అంది ముత్యాలత్త. "నీళ్ళు లేక చచ్చిపోతుంటే సభకు పోతావా? నీలాంటివాడికి ఎంతసేపు? ఇలా దిగు, అలా తోడు."

"మెంబరుగారికి జై!" అన్నాయి కుందేళ్ళు. దాహంతో ఉన్నా జై అనడం మానవు అవి.

జై విన్నాక కోరయ్య కాదనలేకపోయాడు. ఆ బలహీనత పోలమ్మకు తెలుసు. ఆయన ఇసకలోకి దిగాడు. కోరలతో పొడిచాడు. పొడిచిన చోటల్లా ఇసక జారి మళ్ళీ పూడింది. ముట్టె పెట్టాడు, ముక్కుల్లోకి పోయింది. తుమ్మాడు. గట్టు మీద నీడలో కూర్చుని ముత్యాలత్త, "అటు తోడు బాబూ, ఇటు కాదు" అంది.

పోలమ్మ ఒక్క నిమిషం నిలబడి ఆ మాట విని, సభ జరిగే నల్లబండ దగ్గరికి నడిచింది.

"కోరయ్య ఏడమ్మాయ్?" అన్నాడు దుప్పి. ఇంకా మర్యాదగానే.

"చెలమ తవ్వుతున్నాడండీ. సేవ చేసే వంశం కదా."

"ముద్ర తెచ్చావా?"

"కాలు తెచ్చాను" అంది పోలమ్మ. ఆమె రాయి మీద కూర్చోలేదు. తిన్నగా నల్లబండ ఎక్కింది. సభ మొత్తం నోరు తెరిచింది. ఒక ముసలి ఎలుగుబంటి, "వానలు, వానలు!" అని గొణిగింది.

"ఆడది బండెక్కడం ఆచారం కాదు!" దుప్పి కొమ్ములు ఊపాడు.

"ఎక్కేశాను. పోట్లాడి దింపుతారా? మీ కొమ్ములు అందంగా ఉన్నాయి, నా దవడ గట్టిగా ఉంది. ఆలోచించుకోండి." ఎవరూ కదలలేదు. "నేను పోలమ్మను. వాగు వార్డు మెంబర్ని. ఇసక తోడింది నేను. మంట ఆపింది నేను. పిల్లల్ని సాకింది నేను. కన్న పిల్లను పోగొట్టుకున్నదీ నేనే. పై ఒంపుకు కంచె వేయడానికి నా కాలు పడదు. ఇవాళా పడదు, మీరు రత్నాలిచ్చినా పడదు. చెలమలు తవ్వడానికైతే నా కాలే కాదు, ముట్టె కూడా పెడతాను. మీ మందనూ పంపండి. తవ్వినవాళ్ళంతా తాగుతారు."

ముద్ర లేదు. తీర్మానం లేదు. దుప్పి గొంతు సవరించుకుని, తర్వాతి విషయానికి వెళ్దామన్నాడు. పోలమ్మ బండ దిగి, తన సీటురాయి మీద కూర్చుంది. రాయి ఇంకొకరి ఒంటికి అరిగి ఉంది. సర్దుకుంది.

ఆమె ఇంటికొచ్చేసరికి వాగులో పెద్ద గుంట ఉంది. అందులో నీళ్ళ కంటే బురద ఎక్కువ. బురద కంటే కోరయ్య ఎక్కువ. పూలు రాలిపోయాయి. ఒక కోర కొస విరిగింది. ముత్యాలత్త పెదవులకు ఇసక అంటుకుని ఉంది.

"పోలీ, వచ్చావా తల్లీ!" అంది ముసలమ్మ. "రేపటి నుంచి నువ్వే తవ్వవే. ఈయన తవ్వితే ఇసక తాగుతున్నాం."

పోలమ్మకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. బండెక్కి వచ్చిందన్న కబురు అప్పటికే అందరికీ చేరింది. అయినా వీళ్ళకు తోచింది ఇంతే!

"తవ్వుతాను అత్తా" అంది. "ఆయనా తవ్వుతాడు. మీరందరూ తవ్వుతారు. సభరోజు మాత్రం నేను తవ్వను. ఆ రోజు కూర్చునే పని ఉంది నాకు."

ముత్యాలత్త ఆమె ముఖంలోకి చూసింది. ఏమనుకుందో ఏమో, తన ముళ్ళన్నీ ఒకసారి విదిలించుకుంది. గుంట అంచుకు వెళ్ళి, రెండు కాళ్ళతో ఇసక గీరడం మొదలుపెట్టింది. కుందేళ్ళు ఒకదాన్నొకటి చూసుకుని దిగాయి.

కొంతసేపటికి గట్టవతలి నుంచి ఒక అడవికోడి కేకేసింది. "మెంబరుగారూ! మెంబరుగారూ!"

అలవాటుకొద్దీ గుంటలోంచి కోరయ్య తలెత్తాడు.

"నిన్ను కాదయ్యా" అంది ముత్యాలత్త. "నువ్వు తవ్వు."

నీతి: నీ తరఫున నేను మాట్లాడతానని వచ్చినవాడికి ముందు నీ పని అప్పజెప్పు, ఆ తర్వాత నీ మాట నువ్వే చెప్పుకో.