తొలి వాయి

కోటిలింగానికి కొట్టు మూసేద్దామని ఉంది. కనిగిరి బస్టాండు వెనక సందులో వాళ్ళ నాన్న పెట్టిన జంతికల కొట్టు అది. అయితే గురువమ్మని అడక్కుండా ఏ పనీ చెయ్యడు. పెళ్ళి కూడా ఆవిడనడిగే చేసుకున్నాడు. అందుకని ఒక గురువారం పొద్దున్నే వచ్చి ఆవిడ అరుగు మీద కూలబడ్డాడు.

గురువమ్మంటే కాషాయం, జడలు, రుద్రాక్షలు అనుకునేరు. అవేం లేవు. పేరు సుభద్రమ్మ. రెండు గేదెల్ని మేపుకుంటూ, వచ్చినవాళ్ళతో నాలుగు మంచిమాటలు మాట్లాడే ముసలావిడ. ఎవరేం చెప్పినా ముందు అంతా వింటుంది.

"మెయిన్ రోడ్డులో అద్దాల షాపు పెట్టారమ్మా," అన్నాడు కోటిలింగం. "ఏసీ అంట, రంగురంగుల డబ్బాలంట. జనమంతా అటే ఎగబడుతున్నారు. మా కొట్టు మొహం చూసేవాడు లేడు. ఇంట్లో దానికి చెప్పడానికి నోరు రావడం లేదు. ఈ నెల దాటాక మూసేస్తానమ్మా. నా జాతకమే ఇంతా?"

జాతకం దాకా వెళ్ళాడు మహానుభావుడు.

చెప్తూనే సంచిలోంచి స్టీలు డబ్బా తీసి ఆవిడ ముందు పెట్టాడు. ప్రతి గురువారం తెస్తాడు. కొత్త నూనెలో దింపిన తొలి వాయి జంతికలు. తొలి వాయి గురువుకి చెందాలని వాళ్ళ నాన్న పెట్టిన ఆచారం. దాన్ని కోటిలింగం ప్రాణంగా చూసుకుంటాడు. విరిగినవి ఉంటే ఏరి పక్కన పెడతాడు.

గురువమ్మ డబ్బా మూత తియ్యలేదు. "రేపు సాయంత్రం నీ కొట్టుకొస్తాను నాయనా" అంది.

కోటిలింగం కాళ్ళు నేల మీద నిలవలేదు. ఎవరి గడపా తొక్కని మనిషి తన కొట్టుకి వస్తానంది మరి. మర్నాడు మధ్యాహ్నమే నేల కడిగించాడు. మూకుడు తోమించి, కొత్త నూనె పోసి, ఆవిడ కోసం విడిగా ఒక వాయి దింపాడు. పళ్ళెంలో అరిటాకు వేసి వాటిని పోసి, ఈగ వాలకుండా మూత పెట్టాడు.

చెప్పిన వేళకే గురువమ్మ వచ్చి బల్ల మీద కూర్చుంది. కోటిలింగం పళ్ళెం ముందు పెట్టి, పక్కన నిలబడి విసురుతున్నాడు. ఆవిడ ఇంకా ముట్టుకోలేదు.

అంతలో ఒకామె వచ్చింది. పొగాకు గ్రేడింగుకి వెళ్ళొస్తున్నట్టుంది, చీరంతా అదే ఘాటు. "పావుకేజీ జంతికలన్నా. తొరగా ఇయ్యి, బస్సొచ్చేస్తది" అంది.

కోటిలింగం ఆమె వైపు చూడనన్నా లేదు. ఒక చేత్తో గురువమ్మకి విసురుతూనే, రెండో చేత్తో మూల డబ్బాలోంచి తీసి త్రాసులో పోశాడు. అవి ఏనాటివో. కాగిన నూనెనే మళ్ళీ మళ్ళీ కాచి దింపినవి. నల్లగా ఉన్నాయి, కమురు కంపు.

"నాకూ అవే పెట్టు," అంది గురువమ్మ.

"అయ్యో, అవొద్దమ్మా. మీకు వేరే చేశాగా."

"ఏం, వాటికేమైంది?"

కోటిలింగం నీళ్ళు నమిలాడు. "ఏం కాలేదమ్మా. అవి... బేరానికి."

ఆవిడ చెయ్యి చాచి త్రాసులోంచి ఒక జంతిక తీసుకుంది. ఉన్న నాలుగు పళ్ళతో నిదానంగా నమిలింది. మొహం చిట్లించలేదు. అది మింగి ఇంకోటి తీసి నోట్లో పెట్టుకుంది. మళ్ళీ చెయ్యి చాచేసరికి కోటిలింగం విసనకర్ర పడేసి ఆవిడ చెయ్యి పట్టేసుకున్నాడు.

"వద్దమ్మా, మీ కాళ్ళు మొక్కుతా. అవి ఒంటికి పడవు. ఉమ్మేయండి."

అనేశాక గానీ తెలిసిరాలేదు, ఎవరి ముందు అన్నాడో. ఆమె అక్కడే నిలబడి ఉంది, సంచి తెరిచి పట్టుకుని. అంతా వింది.

ఆమెకి కోపం వచ్చినట్టు కూడా లేదు. బస్సు వస్తోందేమోనని ఒకసారి రోడ్డు వైపు చూసింది.

"పర్లేదన్నా, పొట్లం కట్టు," అంది. "మాకలవాటేగా."

తిట్టినా బాగుండేది. ఛీ అని ఆ అద్దాల షాపుకి పోయినా ఇంత ఉండేది కాదు. కోటిలింగానికి తల కొట్టేసినట్టయింది. పొట్లం కట్టలేదు. త్రాసులోవి డబ్బాలోకి తిరగబోశాడు. ఆ ఇద్దరిలో ఎవరి మొహమూ చూడలేకపోయాడు.

తల వంచుకునే అడిగాడు. "నన్నేం చెయ్యమంటారమ్మా?"

"నన్నడుగుతావేం నాయనా? ఆమెనడుగు."

కోటిలింగం తలెత్తాడు. వాళ్ళ నాన్న గల్లా దగ్గర కూర్చునే రోజుల నుంచీ ఆమె ఇక్కడే కొంటోంది. పిలుద్దామని నోరు తెరిచాడు.

ఆమె పేరు తెలియదు.