కార్తీకంలో కోసిన చేంతాడు

ఆ కార్తీకమాసంలో సుదర్శనానికి కాళ్లు నేల మీద నిలవలేదు. బీమా కంపెనీలో పాలసీలకు వడ్డీ రేట్లు తేల్చే ఉద్యోగం అతనిది. కట్టినవాళ్లకూ, వాళ్ల తర్వాత వారసులకూ బతికినన్నాళ్లూ ఏటా తొమ్మిది శాతం, లోకం తలకిందులైనా తగ్గదని హామీ ఇచ్చే పాలసీ ఒకటి తయారుచేశాడు. సంతకం పెట్టేముందు గురువు దీవెన కోసం కొండ కింది ఆశ్రమానికి వచ్చాడు.

రాచప్పస్వామి అంతా విన్నాడు. "ఎప్పటికీ తొమ్మిదేనా?"

"ఇప్పుడు బయట మాకు పది వస్తోంది స్వామీ. ఇవ్వడానికేం?"

పక్కన బియ్యం చెరుగుతున్న వంటమనిషి ఓబుళమ్మ చేట ఆపింది. ఆమె కొడుక్కి కాళ్లూ చేతులూ స్వాధీనంలో లేవు. ఆమె తప్ప వాడికి దిక్కు లేదు.

"నేను పోయినాక గూడా వానికి వస్తాదా సారూ? అట్లయితే నా కమ్మలమ్మి నీ దాంట్లోనే కడతా."

"ఎందుకు రాదమ్మా!" అన్నాడు సుదర్శనం దర్జాగా.

స్వామి లేచి కొత్త కొబ్బరితాడు చుట్ట తెచ్చి అతని చేతిలో పెట్టాడు. "బావి చేంతాడు తెగింది నాయనా. దీంట్లోంచి కోసి కట్టు."

ఆ ఏడు వానలు దండిగా కురిశాయి. బావిలో నీళ్లు చెయ్యి చాస్తే అందేట్టున్నాయి. సుదర్శనం బొక్కెన దించి చూసుకున్నాడు. ఇంకో రెండు మూరలు కలిపి తాడు కోసి, గిలకకు వేశాడు. చదువుకున్న బుర్ర కదా, దుబారా గిట్టదు.

స్వామి వచ్చి చూశాడు. మిగిలిన తాడంతా తెచ్చి దానికే ముడివేసి లాగాడు. ముడి గిలకలో ఇరుక్కుంది.

"లాగేవాళ్లకు కష్టమే" అన్నాడు. "ఏం చేస్తాం. ఎండాకాలం కూడా ఈ బావికే వస్తారు."

సుదర్శనం బావిలోకి తొంగిచూశాడు. గట్టు మీదే కూర్చుని పాలసీ కాగితం తీసి, బయట వడ్డీలు పడిపోయే ఏళ్లకు కూడా సరిపోయేట్టు లెక్క మళ్లీ కట్టాడు.

ఓబుళమ్మ కడవతో వచ్చింది. "కమ్మలు అమ్మమంటావా సారూ?"

"తొమ్మిది ఇవ్వలేనమ్మా. నాలుగే."

ఆమె ముఖం చిన్నబోయింది. "ఆ నాలుగన్నా, వాడు బతికినన్నాళ్లూ వస్తాదా?"

ఈసారి సుదర్శనం, ఆమె కడవ నింపుకునేలోగా, ఆ లెక్క మొదటినుంచి మరోసారి సరిచూశాడు. అప్పుడన్నాడు, "వస్తుంది."