మడవని ఆకు

వీణ కామేశ్వరమ్మగారిని ఏదైనా అడిగితే వెంటనే జవాబు చెప్పే అలవాటు ఆవిడకి లేదు. అడిగినవాళ్ళకే ఏదో ఒక పని పురమాయించేవారు. రాగం ఎందుకు కుదరడం లేదని అడిగిన శిష్యురాలి చేత ఓసారి బియ్యంలో రాళ్ళు ఏరించారు. రాగం కుదిరిందో లేదో గానీ, ఆ పూట అన్నం మాత్రం బాగుంది.

అందుకే హైమవతి తన ప్రశ్నని చాలా రోజులు నోట్లోనే ఉంచుకుంది. అదీగాక అది సంగీతానికి సంబంధించింది కాదు. ఓ సాయంత్రం పాఠం అయ్యాక, వీణ మీద గుడ్డ కప్పుతూ అనేసింది.

"గురువుగారూ, వీడియో గేము కొన్నప్పుడల్లా మోసపోతున్నాను. మంచిది ఎలా ఎంచుకోవాలండీ?"

కామేశ్వరమ్మగారు కళ్ళజోడు సర్దుకున్నారు. "అందులో ఏం చేస్తారు?"

"కొండలెక్కుతారండీ. రాక్షసుల్ని కొడతారు."

"ఎక్కి?"

"దిగుతారు."

"ఆరోహణా అవరోహణా రెండూ ఉన్నాయన్నమాట. అయితే తప్పులేదు. ఎవరికోసం కొంటున్నావు?"

ఆ మాటకి హైమ వీణ మీది గుడ్డని మళ్ళీ సర్దింది. ఇంట్లో ఉన్న గేముల మిషను ఆమె భర్తది. సెలవు రోజుల్లో ఆయనా, కూతురు ముక్తా చెరో రిమోటూ పట్టుకుని ఇల్లు పీకి పందిరేసేవారు. పోయినేడు ఆయన పోయాక రెండో రిమోటు అలాగే ఉండిపోయింది. ఈ వేసవి దాటితే ముక్త ఇంటర్ చదువుకి హాస్టలుకి వెళ్ళిపోతుంది. ఈలోగా ఆ రిమోటు తను పట్టుకోవాలని హైమ ఆశ.

ప్రకటన చూసి ఒకటి కొంది. విడుదలైన రోజునే జనమంతా ఆహా ఓహో అన్నారని ఇంకోటి కొంది. "ఎలా ఉంది?" అని తల్లి అడిగితే, "బాగుంది, నీకో?" అని కూతురు అడిగింది. తల్లికీ బాగుంది. మర్నాడు ఇద్దరూ దాని ఊసెత్తలేదు. మూడోదానికి ముక్త, "నా కోసం నచ్చినట్టు నటించకమ్మా. ఇంక కొనకు," అని హెడ్‌ఫోన్లు పెట్టేసుకుంది. కోపంగా అన్నా బాగుండేది. మెల్లగా అంది.

ఇదంతా హైమ రెండు ముక్కల్లో చెప్పింది. కామేశ్వరమ్మగారు విన్నారు.

"ఆదివారం నాతో రా. మన సంగీత పాఠశాల వార్షికోత్సవానికి వంటవాణ్ణి కుదుర్చుకోవాలి. ఎవరింట్లోనో ఒడుగు భోజనాలు చేస్తున్నాట్ట ఒకాయన. మనల్నీ పిలిచారు."

"శుభకార్యానికి నేనెందుకులెండి."

"తినడానికి," అన్నారావిడ.

ఆదివారం హైమని రెండో బంతిలో కూర్చోబెట్టి, "పళ్ళు లేనిదాన్ని, నేనేం రుచి చూస్తాను? నువ్వు తిను, నేను చూస్తాను," అని గురువుగారు గోడవారన కుర్చీ వేయించుకున్నారు. అరిటాకు కనపడనన్ని రకాలు వడ్డించారు. నడిమధ్య మూడు రంగుల మిఠాయి, దాని మీద వెండిరేకు. తినకముందే అందరూ ఫోన్లు తీసి దాన్ని ఫొటో తీసుకుంటున్నారు. ముక్తకి పంపడానికి హైమా తీసింది. పక్కన కూర్చున్నావిడ, "మొహమాటపడకండి వదినగారూ, ఇలాంటిది మళ్ళీ దొరకదు," అని ఆమెకి ఇంకోటి వేయించింది.

బంతి లేచే వేళకి ఇంటాయన చేతులు జోడించి, "వంటలెలా ఉన్నాయండీ?" అంటూ వచ్చాడు. దివ్యమన్నారొకరు. అమృతమన్నారొకరు. ఆ మూడు రంగులదుందే, అబ్బ, అన్నది పక్కావిడ. అంటూనే ఆకులు మడిచేస్తున్నారు. హైమా అలాగే అంది. అలాగే మడిచింది.

అప్పుడు కామేశ్వరమ్మగారు చేతికర్ర ఊతంగా బంతి వెంట నింపాదిగా వచ్చి ఆమె ఎదుట ఆగారు.

"ఎలా ఉంది?"

"చాలా బాగుందండీ. ఆ మిఠాయి మరీనూ."

"ఆకు విప్పు."

హైమ చెవులు వేడెక్కాయి. విప్పింది. తీసిపారేసిన కరివేపాకు కింద రెండు మిఠాయిలు దాక్కుని ఉన్నాయి. ఒకదానికి చిన్న కొరుకుడు. రెండోదాని వెండిరేకు చెదరనే లేదు. దోసకాయ పప్పు వడ్డించిన చోట మాత్రం ఆకు తుడిచినట్టు పచ్చగా మెరుస్తోంది. పక్కావిడ అది చూసి, మడిచిన తన ఆకుని ఇంకో మడత వేసింది.

"నోరు మొహమాటపడుతుంది, హైమా," అన్నారు గురువుగారు. "ఆకు పడదు."

పెరట్లోకి వెళ్ళి ఆవిడ వంటాయన్ని పిలిచారు. "నిన్నే పెట్టుకుంటాను నాయనా. దోసకాయ పప్పూ, పనసపొట్టు కూరా చాలు. ఆ మూడు రంగులది వద్దు."

వంటాయన తలగుడ్డ తీసి మొహం తుడుచుకున్నాడు. "బతికించారమ్మా. అది తినడానిక్కాదు, ఫొటోకి. అది లేకపోతే నన్నెవరు పిలుస్తారు చెప్పండి? పప్పుకి ఎవరు తీస్తారు ఫొటో?"

తిరిగి వస్తుంటే ఆటోలో హైమ, "మరి నా ప్రశ్న గురువుగారూ?" అంది. "కల్యాణి వర్ణం చూసుకురా," అన్నారావిడ.

మర్నాడు హైమ గేముల కొట్టుకి వెళ్ళింది. కొత్తవి అమ్ముతారు, వాడినవి వెనక్కి తీసుకుంటారు. గుమ్మంలోనే పెద్ద పోస్టరు, నిప్పులు కక్కుతున్న డ్రాగను. ఆమె చెయ్యి అలవాటు కొద్దీ అటే వెళ్ళబోయి, ఆగింది.

"జనం తిరిగిచ్చేసినవి ఎక్కడ పెడతారండీ?"

కొట్టాయన ఆమెని ఎగాదిగా చూసి వెనకనున్న అట్టపెట్టె చూపించాడు. పైనే ఆ డ్రాగను. ఒకటి కాదు, దొంతర. దాని కింద, తను కొన్న మూడూ ఉన్నాయి. పాత చుట్టాలు ఎదురైనట్టయింది.

"అసలీ పెట్టెలోకి రానిదేమైనా ఉందా?"

ఆయన బుర్ర గోక్కున్నాడు. "ఒకటుందండీ. పడవది. ఇద్దరాడాలి, ఒకరు తెడ్డు, ఒకరు చుక్కాని. బొమ్మలు ఏమంత గొప్పగా ఉండవు. పట్టుకెళ్ళినవాళ్ళు మళ్ళీ తేలేదు. ఇదొక్కటే మిగిలింది. డబ్బా పగిలిందని ఎవరూ ముట్టుకోరు."

ముక్త ఆ డబ్బా చూసి, "మళ్ళీనా," అంది. అయినా కూర్చుంది. పడవ మొదటి మలుపులోనే బండకి కొట్టుకుని మునిగింది.

"ఎడమకన్నానా అమ్మా."

"ఎడమకే తిప్పానే."

"అన్నం తినే చెయ్యి ఏది నీకు?"

"ఇది."

"అది కుడి."

ఎలా ఉందని హైమ అడగలేదు. మర్నాడూ అడగలేదు. సాయంత్రం బెండకాయలు తరుగుతుంటే గదిలోంచి కేక వినిపించింది. "అమ్మా, పడవ నీ కోసం ఆగింది. కూర తరవాత తరుగుదువుగానిలే."

కత్తిపీట గోడకి జరిపి హైమ పరుగున వెళ్ళింది.

ఆ తరవాత రెండు పాఠాలకి ఆమె వీణ ముట్టుకోవడానికి రాలేదు. మూడోదానికి వచ్చి, వర్ణం మొదట్లోనే తడబడి ఆగిపోయింది.

"క్షమించండి గురువుగారూ. సాధన చెయ్యలేదు. ఆ పడవ గేము ఎంత బాగుందంటే..."

కామేశ్వరమ్మగారు చెయ్యెత్తి ఆపేశారు. హైమ ఎడమ చేతిని తన చేతిలోకి తీసుకుని కిటికీ వెలుతురుకి తిప్పి చూశారు. వేళ్ళ మీద తీగల గీతలు మెత్తబడ్డాయి. బొటనవేలి కొసన మాత్రం, రిమోటు నొక్కి నొక్కి, ఎర్రగా, కొత్త పొక్కు.

"నువ్వు చెప్పకు," అన్నారు. "ఆకు చూశాగా."