సాకేత్ ఉద్యోగంలో చేరిన రోజు

సాకేత్‌కి ఆ ఊరి ఎండ సరిపడింది, తిండి సరిపడింది, అద్దె గది కూడా సరిపడింది. సరిపడనిది ఒక్కటే. విమానాశ్రయంలో జూనియర్ ఇంజనీరుగా చేరి నాలుగు నెలలు దాటినా, పై అధికారి అతన్ని చేరినవాడిగా లెక్క వేయడం లేదు.

ఆ పై అధికారి సుల్తాన్ మొహిద్దీన్ గారు. కడప వైపు మనిషి. రన్‌వేలు వేయించీ, బాగు చేయించీ తల నెరిసింది. ఆయన దగ్గర పని నేర్చుకున్న ఇంజనీర్లంతా ఆయన్ని ఉస్తాద్ అంటారు. ఆయన మాత్రం ఎవరినీ శిష్యుడని చెప్పుకోరు.

ఎవరైనా కొత్తవాళ్లు ఆఫీసుకి వస్తే సాకేత్ ఉత్సాహంగా ముందుకు వెళ్లి, జూన్‌లో చేరానండీ అని పరిచయం చేసుకునేవాడు. ఉస్తాద్ పక్కనే ఉంటే, "చేర్తాడులే" అనేవారు నెమ్మదిగా. వచ్చినవాళ్లు నవ్వేవారు. సాకేత్‌కి ఒళ్లు మండేది.

మండదా మరి? సివిల్‌లో బంగారు పతకం. కాంక్రీటు మీదే ఎంటెక్. లక్షలమంది రాసిన పరీక్షలో మొదటి వరసలో ర్యాంకు. ఇంటర్వ్యూలో అడిగినవన్నీ చెప్పి, అడగనివి కూడా చెప్పి వచ్చిన ఘనుడు. జాయినింగ్ రిపోర్టు మీద సంతకం పెట్టింది ఈ ఉస్తాదే. నెలనెలా జీతం పడుతోంది. ఇంకా చేరడమంటే ఏమిటి, పల్లకీ ఎక్కించి ఊరేగించాలా?

పైగా వచ్చే నెలలో రన్‌వే పొడిగింపు పని మొదలవుతోంది. దాన్ని దగ్గరుండి చేయించే ఇంజనీరు పేరు ఉస్తాదే పైకి పంపాలి. ఆ పని కోసం సాకేత్ నిద్రలో కూడా కలవరిస్తున్నాడు. ఇంకా చేరనేలేదన్నవాడి పేరు ఎవరు పంపుతారు?

ఉండబట్టలేక ఒకరోజు అడిగేశాడు.

"ఈ ఉద్యోగానికి నాకు ఇంకా ఏం అర్హత తక్కువైంది సార్? నేను నేల విడిచి సాము చేసే రకం కాదు. మట్టి, పునాది, కాంక్రీటు, డ్రైనేజీ, నేల మీద ఏ పనైనా అప్పజెప్పండి."

ఉస్తాద్ అప్పుడే గుమ్మం దాటుతున్నారు. గుమ్మం దాటితే చాలు, తల పైకెత్తి ఆకాశంలోకి చూడటం ఆయనకి అలవాటు. ఆ రోజూ అలాగే చూశారు. తరువాత, టీ తాగుదాం రమ్మన్నారు. ఈయన వానకోసం చూస్తున్నారో, దేవుడితో మాట్లాడుతున్నారో సాకేత్‌కి అంతుపట్టలేదు.

ఆ వారమే ఉస్తాద్ మీటింగు కోసం హైదరాబాదు వెళ్లాల్సి వచ్చింది. వెళ్తూ ఏప్రన్ పని సాకేత్‌కి అప్పజెప్పారు. ఏప్రన్ అంటే రన్‌వే పక్కన విమానాలు వచ్చి ఆగే కాంక్రీటు చప్టా. ఉన్నదాన్ని ఆనుకుని కొత్తగా ఇంకో భాగం వేస్తున్నారు.

ఇక చూడండి మావాడి హడావిడి. కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు. తిండీ నిద్రా లేకుండా కాంక్రీటు పోయించాడు. ప్రతి లారీ దగ్గరా తనే నిలబడ్డాడు. చప్టా అద్దంలా వచ్చింది. చేత్తో నిమిరి చూసుకుని, తన మొదటి పని ఇంత బాగా వచ్చినందుకు లోలోపల గంతులేశాడు. కాంక్రీటు గట్టిపడాలంటే నీళ్లతో నానాలి కదా. పుస్తకంలో చెప్పినట్టే చప్టా మీద మట్టి గట్లు కట్టించి, మళ్లుగా విడదీసి, నిండా నీళ్లు పెట్టించాడు. ఆ ఏడు వానలు ముఖం చాటేశాయి. చుట్టూ చేలన్నీ బీడుపడి ఉన్నాయి. ఆ ఎండిన నేల మధ్య అతని నీళ్లు సాయంత్రపు వెలుగులో మెరిసిపోతుంటే ఫోటో తీసి వాళ్లమ్మకి పంపించాడు.

మర్నాడు పొద్దున్నే ఉస్తాద్ రైలు దిగి, చేతిసంచీతో తిన్నగా పని దగ్గరికే వచ్చారు. సాకేత్ ఎదురు పరుగెత్తాడు. ఒక్క పగులు లేదు సార్, ఒక్క ఎత్తుపల్లం లేదు సార్ అంటూ ఆయన్ని దాదాపు లాక్కొచ్చాడు. ఈసారైనా ఆ నోటి నుంచి ఒక మంచిమాట వస్తుందని అతని ఆశ.

ఉస్తాద్ తల పైకెత్తి చూశారు. నీళ్లని చూశారు. మళ్లీ పైకి చూశారు. నాలుగడుగులు పక్కకి వెళ్లి వాకీటాకీలో ఏదో చెప్పారు. నీళ్ల ట్యాంకర్ మోటారు చప్పుడులో సాకేత్‌కి వినపడలేదు. తిరిగి వచ్చి, సంచీ తలకింద పెట్టుకుని, తెల్లచొక్కాతోనే పాత చప్టా మీద వెల్లకిలా పడుకున్నారు.

ఆయనకి గుండెనొప్పే వచ్చిందనుకున్నాడు సాకేత్.

"సార్, ఏమైంది సార్?"

"ఏం కాలేదు. నువ్వూ పండుకో."

"ఇక్కడా?"

"ఈడనే."

పనివాళ్లు చేతులాపి చూస్తున్నారు. ఎగ్జిక్యూటివ్ ఇంజనీరే పడుకుంటే జూనియర్ ఇంజనీరుకి పరువేమిటి? సాకేత్ కూడా ఆయన పక్కన పడుకున్నాడు. వీపు కింద కాంక్రీటు చల్లగా ఉంది.

"ఏం కనపడతాంది?" అన్నారు ఉస్తాద్.

"ఆకాశం సార్."

"ఇంకా?"

"ఏం లేదు సార్."

"చూస్తాండు."

కాసేపటికి ఒక కొంగ కనిపించింది. తరువాత రెండు. వాటి వెనక ఒక బారు. నీలం మీద తెల్లగా, ఎంత బాగున్నాయో అనుకున్నాడు సాకేత్. అవి వీళ్ల తల మీదే గుండ్రంగా తిరిగాయి. కాళ్లు కిందికి వేలాడేసి దిగాయి. సాకేత్ తల తిప్పి చూశాడు. అతని మళ్లలో అవి దర్జాగా నడుస్తున్నాయి. దమ్ము చేసిన వరిమడిలో పురుగులు ఏరుకున్నట్టు ముక్కులు ముంచి వెతుకుతున్నాయి. వాటికి ఎంటెక్కులతో పనిలేదు. నీళ్లు మెరిశాయి, మడి అనుకున్నాయి.

అప్పుడు వినిపించింది శబ్దం. రోజూ పొద్దున వచ్చే విమానం అది. ఆ మోతకి కొంగలన్నీ ఒక్కసారిగా లేచాయి. లేచి, తెల్లటి దుప్పటి విసిరినట్టు రన్‌వేకి అడ్డంగా పరుచుకున్నాయి.

సాకేత్ దిగ్గున లేచి కూర్చున్నాడు. తన నీళ్లు, ఆ కొంగలు, దూరంగా ఆ విమానం. మూడూ ఒక్క చూపులో కనిపించాయి. ఒక్క కొంగ ఇంజనులోకి పోయినా చాలు.

విమానం దిగలేదు. చాలా ఎత్తులోనే ఊరి మీదుగా పక్కకి ఒరిగి, చుట్టు తిరగడం మొదలుపెట్టింది. విమానాన్ని అప్పుడే దింపొద్దని ఉస్తాద్ వాకీటాకీలో కంట్రోల్ టవర్‌కి చెప్పారని సాకేత్‌కి అప్పుడు తెలిసింది.

"ఎంతసేపు తిరుగుతుంది సార్?"

ఉస్తాద్ ఇంకా పడుకునే ఉన్నారు. "ఆయిలుండేంత వరకు తిరుగుతాది. లేదంటే ఇంకో ఊరికి పోతాది."

సాకేత్ పరుగెత్తాడు. ఎవరి చేతిలోదో పార లాక్కుని గట్టు మీదికి ఎక్కాడు. ఎత్తిన పార ఒక్క క్షణం ఆగింది. ఈ ఎండకి నీళ్లు తీసేస్తే చప్టా నెర్రెలిస్తుంది. అతని మొదటి చప్టా. ఊరంతటికీ ఫోటో చూపిస్తూ ఉండి ఉంటుంది వాళ్లమ్మ.

తల మీద మోత మళ్లీ దగ్గరైంది. పార దిగింది.

గట్టు తెగి నీళ్లు కాలవలోకి దూకాయి. సాకేత్ రెండో గట్టు తెంచాడు, మూడోది తెంచాడు. పనివాళ్లు కూడా ఉరికొచ్చారు. అటువైపు పక్షుల్ని తోలేవాళ్లు టపాకాయలు పేలుస్తున్నారు. మోకాళ్లదాకా బురద, ఒళ్లంతా చెమట, చెవుల్లో మోత. తను పుట్టి బుద్ధెరిగాక ఇంత వేగంగా ఏ పనీ చేయలేదు అతను. ఆ పరుగులోనే మెరుపులా తట్టింది.

"గోనె పట్టాలు! స్టోర్లో ఉన్నవన్నీ పట్రండి, తడిపి పట్రండి!"

తడి గోనెలైతే కాంక్రీటుకి చల్లదనం ఉంటుంది, నీళ్లు మాత్రం పైకి మెరవవు. మొదటి పట్టా ఒక కొస పట్టుకుని విసిరాడు. రెండో కొస ఎవరో అందుకున్నారు. తలెత్తి చూస్తే ఉస్తాద్. ఇద్దరూ ఒకదాని వెనక ఒకటి పరుచుకుంటూ పోయారు.

చివరి పట్టా పరిచేసరికి ఆకాశం ఖాళీ అయింది. టవర్ నుంచి పిలుపు వెళ్లింది. విమానం పెద్ద చుట్టు తిరిగి, మెల్లగా కిందికి వచ్చి, రన్‌వేకి చక్రాలు తాకించింది. ఆ చప్పుడు వినగానే సాకేత్‌కి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

జనం దిగారు. ఒక ముసలావిడ మెట్ల మీదే ఆగి, మనవరాలితో, "టికెట్టుకి తగ్గట్టు బాగా తిప్పినాడమ్మా" అంది సంతోషంగా.

అందరూ వెళ్లాక పైలట్ దిగి వచ్చి ఉస్తాద్‌కి చేయి కలిపాడు. గోనెపట్టాల మధ్య, తలదాకా బురదతో నిలబడ్డ మనిషిని చూసి, ఎవరని అడిగాడు.

ఇంకో రోజైతే సాకేతే ముందుకొచ్చి చెప్పుకునేవాడు. ఇవాళ నోరు మెదపలేదు.

"మా ఇంజనీరు," అన్నారు ఉస్తాద్. "ఈ పొద్దే చేరినాడు."

ఆ మాట సాకేత్‌కి వినపడింది. కానీ అతను ఇటు తిరగలేదు. తల పైకెత్తి, తిరిగి వస్తున్న ఒంటరి కొంగ ఎటు పోతుందో చూస్తున్నాడు.