పొట్టకి సొంత గడియారం ఎలా వచ్చింది

ఒకప్పుడు మన ఒంటి మొత్తానికీ ఒక్కటే గడియారం. అది మెదడు దగ్గరుండేది. దానికి కళ్ళున్నాయి కదా, వెలుగు కనిపించగానే అందర్నీ లేవమనేది, చీకటి పడగానే పడుకోమనేది. పొట్టా కొవ్వూ నోరుమూసుకుని వినేవి. అంత పెద్ద మేధావికి ఎదురు చెప్తామా మరి.

అప్పట్లో పైడయ్య అని పెళ్ళిళ్ళ వంటాయన ఉండేవాడు. భారీ మనిషి. వంటోళ్ళకి ఒక గొప్ప రూలు: ఆఖరి బంతి లేచేదాకా ముద్ద ముట్టకూడదు. ఈ రూలు పెట్టినోడు మాత్రం టైముకి తినేసే పెట్టుంటాడు.

సో పైడయ్య పొద్దంతా ఖాళీ కడుపు. దీపాలు పెట్టాక పప్పు, పులిహోర, బూరెలు అన్నీ ఒకేసారి. అప్పటికి పొట్ట మెదడు మాట విని నిద్రపోయి గుర్రు పెడుతుండేది. పడుకున్నోడి మీద బస్తాలు దించినట్టే. చేసేదేం లేక అంతా కొవ్వుకిచ్చి దాచమనేది. కొవ్వు పాపం మంచిది, కాదనడం రాదు. దాచింది, దాచింది, ఇంకా దాచింది.

ఊళ్ళోవాళ్ళు పైడయ్య తిండిపోతని తేల్చేశారు. ఆయన వండింది మూడుసార్లు వడ్డించుకుని తిన్నాకే లెండి.

ఒకరోజు పైడయ్య అన్నం గుండిగ పొయ్యి మీంచి దించలేకపోయాడు. ఒకటే ఆయాసం. ఇంకోసారి ఇలా అయితే వేరే వంటోణ్ణి పెట్టుకుంటామన్నారు పెళ్ళివాళ్ళు. ఆయనకేమో ఇంకో పని రాదు.

పొట్టకి మండింది. సూరీడి దగ్గర పంచాయితీ పెట్టింది. మెదడు తన తప్పేం లేదనీ, తను కరెక్టు టైముకే పడుకోమన్నాననీ చెప్పుకుంది.

"నాకు కళ్ళు లేవు సామీ. ఇది పడుకోమన్నాకే నాకు పనొస్తోంది. నాకో సొంత గడియారం ఇచ్చెయ్" అంది పొట్ట.

సూరీడు ఇచ్చేశాడు. మొదటి ముద్ద ఎప్పుడు పడితే అప్పుడే పొట్టకి తెల్లారినట్టు అన్నాడు. సూపర్ తీర్పు. గొడవ డబులైంది.

ఇప్పుడు దీపాలవేళ మెదడు కొట్టు మూసెయ్యమంటుంది, పొట్ట అప్పుడే తెరవమంటుంది. పైడయ్యకి నిద్రా లేదు, మెలకువా లేదు.

"నేనెవరి మాట వినాలి?" అని అడిగింది కొవ్వు. ఎవరికి వాళ్ళు నా మాటే అన్నారు. సో అది మళ్ళీ దాచేసింది.

పైడయ్య పెళ్ళాం అచ్చియ్యమ్మ ఇదంతా చూసి చూసి విసిగిపోయింది. తర్వాతి పెళ్ళిలో పొద్దున్నే, మొదటి బంతి కంటే ముందే, మొగుడికి విస్తరేసి వడ్డించింది. పెళ్ళికొడుకు మేనమామ ఆచారం గురించి లెక్చర్ మొదలెట్టాడు.

"అలాగే బాబూ. ఈయన తినడు, గుండిగ మీరు దించండి" అంది.

మేనమామ గుండిగ వైపు చూశాడు. ఆచారం అంత ముఖ్యం కాదనిపించింది.

రోజూ అలా తినగా తినగా, కొన్ని నెలలకి రెండు గడియారాలూ కలిశాయి. పైడయ్య పుల్లలా ఏం అయిపోలేదు, భారీగానే ఉన్నాడు. కానీ రాత్రి హాయిగా నిద్రపోయాడు, గుండిగ దించాడు, పని నిలబడింది.

అప్పటినుంచే మెదడుకి వెలుగు పడితే తెల్లారుతుంది, పొట్టకి ముద్ద పడితే తెల్లారుతుంది. రెండిటికీ ఒకే పూట తెల్లారితే ఒళ్ళు చెప్పిన మాట వింటుంది. లేదంటే రెండూ కొట్టుకుంటాయి, భారీ ఒంట్లో ఇంకాస్త గట్టిగా. ఆ గోలలో ఏం చెయ్యాలో తెలీక కొవ్వు దొరికింది దొరికినట్టు దాచేస్తుంటుంది. తిట్లు కూడా దానికే.