పైడమ్మ గేదె, అసిరమ్మ కుంపటి

అనగా అనగా, కొండదారి దిగివచ్చే బండ్లన్నీ ఆగి ఎద్దులకు నీళ్ళు పట్టించే ఒక మజిలీ ఉండేది. ఆ మజిలీలో దారికి ఈ పక్కన పైడమ్మ, ఆ పక్కన అసిరమ్మ.

పైడమ్మ మట్టి కుంపటి మీద మొక్కజొన్న పొత్తులు కాల్చి అమ్మేది. నిమ్మచెక్కను ఉప్పుకారంలో అద్ది, కాలిన పొత్తు మీద పైనుంచి కిందికి ఒక్క రుద్దు రుద్ది ఇచ్చేది. నీళ్ళు పట్టించి బయల్దేరిన బండివాళ్ళు ఎద్దుల్ని మళ్ళీ ఆపకుండానే చెయ్యి చాపి పుచ్చుకుని, నడుస్తూ తినేవాళ్ళు. అసిరమ్మది వేరే బేరం. ఎండ చల్లబడేదాకా చెట్ల కింద నడుం వాల్చే వర్తకులకు నాటుకోళ్ళు, మేక తొడలు కాల్చి పెట్టేది.

ఇద్దరూ ఒకరినొకరు వదినా అని పిలుచుకునేవారు. ఒకరికి తలనొప్పి వస్తే రెండోవారు శొంఠి అరగదీసి పట్టు వేసేవారు.

పైడమ్మకు ఒక గేదె ఉండేది. నుదుట తెల్లమచ్చ ఉన్నందుకు దాన్ని చుక్కమ్మ అనేవారు. పొత్తుల కాలం ఏడాదికి మూడు నెలలే. మిగిలిన తొమ్మిది నెలలూ ఆ ఇంట్లో పొయ్యి వెలిగిందంటే అది చుక్కమ్మ పాడి వల్లనే.

అంతా బాగానే ఉండగా, ఒకనాడు అసిరమ్మ ఇంటి ముందు ఒక ఒంటెద్దు బండి ఆగింది. గడ్డి తీసి చూస్తే లోపల ఒక పింగాణీ కుంపటి! పెద్ద గుమ్మడికాయంత గుండ్రంగా, ఆకుపచ్చగా, అద్దంలా మెరుస్తోంది. దానికి బరువైన మూత. మూత నెత్తిన గాలి పోవడానికి ఒక కంత, అడుగున గాలి రావడానికి ఒక చిన్న తలుపు. ఈ చివర నుంచి ఆ చివర దాకా మజిలీ అంతా దాని చుట్టూ మూగింది. పైడమ్మ కుంపటి మీద కాలుతున్న పొత్తును వదిలేసి, కొనేవాడు కూడా అటే పోయాడు.

"వదినా, రా! నువ్వూ చూద్దువు గాని!" అని అసిరమ్మ కేకేసింది.

"నాకు పనుంది," అంది పైడమ్మ. పనేమీ లేదు. కడుపులో ఏదో చురుక్కుమంది, అంతే.

ఆ చురుకు అక్కడితో ఆగితే మనకీ కథ ఉండేది కాదు.

వారం తిరిగేసరికి పైడమ్మ బొగ్గుల బస్తా ఖాళీ అయింది. అసిరమ్మ బస్తా సగం కూడా దిగలేదు. పింగాణీ కుంపటి వేడిని పట్టి ఉంచుతుంది, గుప్పెడు బొగ్గులతో పూటంతా గడుస్తుంది. పైడమ్మ నీళ్ళకు వెళుతూ ఆ బస్తా వంక చూసేది. వస్తూ మళ్ళీ చూసేది. పోనీ ఎలుకలైనా ఆ బస్తాను కొట్టవేం అనుకునేది.

తరువాత ఒకరోజు ఉన్నట్టుండి వాన కురిసింది. పైడమ్మ కుంపటి సుయ్యిమని చల్లారిపోయింది. అసిరమ్మ మాత్రం మూత మూసి, తాపీగా చూరు కింద కూర్చుని తమలపాకులు నములుతోంది. ఆ వానలో కూడా ఆమె కోడి చక్కగా కాలింది.

ఇక మూడోది. దివాణం పల్లకి ఒకటి ఆ దారిన వచ్చింది. పల్లకిలోని దివాన్‌గారు అసిరమ్మ ఇంటి ముందు దిగి, మేక తొడ తిని, మూతి తుడుచుకుని, "ఈ మజిలీలో వంటంటే నీదేనమ్మా!" అన్నారు. ఆ మాట దారి దాటి పైడమ్మ చెవిన పడింది. దివాన్‌గారి మాటలు మామూలుగానే కొంచెం గట్టిగా ఉంటాయి మరి.

ఆ పూట అసిరమ్మ ఒక మంచి ముక్కను ఆకులో చుట్టి పైడమ్మకు పంపింది. పైడమ్మ దాన్ని వీధికుక్కకు వేసింది. కుక్క తిని, అసిరమ్మ ఇంటివైపు తిరిగి తోక ఊపింది. పైడమ్మకు ఆ కుక్క మీద కూడా కోపం వచ్చింది.

ఆమెకు అన్నం సయించలేదు. కన్ను మూస్తే ఆకుపచ్చ రంగే. ఆకాశం కింద తనకు కావలసింది ఇంకేమీ లేదు, అలాంటి కుంపటి ఒక్కటే, కాకపోతే దానికంటే ఓ వేలెడు పెద్దది. అది తన గుమ్మంలో దిగాలి. అసిరమ్మ దాన్ని చూడాలి. చూసి నోట మాట పడిపోవాలి.

పింగాణీ కుంపట్లు చేసేది గుల్లపాడులో కుమ్మరి సూరన్న ఒక్కడే. ఒక్కో కుంపటి ఒక్కో పాడిగేదెకు తూగే ఖరీదని అందరికీ తెలుసు. పైడమ్మ ఇంట్లో అంత ఖరీదు చేసేది ఒక్కటే ఉంది. అది అప్పుడు చూరు కింద నిలబడి నెమరు వేస్తోంది.

మర్నాడు పొద్దున్నే పైడమ్మ చుక్కమ్మ పగ్గం విప్పింది. "ఎక్కడికి వదినా?" అని అసిరమ్మ అడిగితే, "పుట్టింటికి," అని అబద్ధం చెప్పింది. పుట్టింటికి గేదెను ఎవరు తోలుకుపోతారు? అయినా నోటికి అదే వచ్చింది.

ఆ కాలంలో గేదెలు మాట్లాడేవి. ఊరికే మాట్లాడేవి కావు, అవసరమైతేనే. సగం దారిలో చుక్కమ్మ అడిగింది, "అమ్మా, నన్ను అమ్మేస్తావేటి?"

"అమ్మేస్తే ఏటంట?" అంది పైడమ్మ.

"ఏటీ లేదు. అమ్మకపోతే బాగుణ్ణని. నా ప్రాణం కోసం నేను చెప్పుకోవాలి గదా."

"నోరు మూసుకుని నడు."

చుక్కమ్మ నోరు మూసుకుని నడిచింది. పైడమ్మ మాత్రం దాని కళ్ళలోకి చూడకుండా ముందు నడిచింది.

సూరన్న తాత తన పెరట్లో కుండలు కాల్చే వాము పక్కన కూర్చుని మట్టి పిసుకుతున్నాడు. పైడమ్మ చెప్పింది విన్నాడు. గేదెను చూశాడు. "మంచి పాడిగేదె," అన్నాడు. "కానీ తల్లీ, మా ఇంట ఒక పద్ధతి ఉంది. అమ్మిన కుంపటిని మళ్ళీ వెనక్కి పుచ్చుకోను. అందుకని ఇక్కడే, నా పెరట్లోనే, నువ్వు మూడుసార్లు దాని మీద వండాలి. ఆ తరవాతే పగ్గం నా చేతికియ్యి."

"అసిరమ్మ కూడా వండిందా?"

"వండింది."

"ఎలా కుదిరినాయి?"

"నీకెందుకమ్మా? నీ వంట నువ్వు వండు."

పెరటి కంచె పక్కనే తాత మొక్కజొన్న చేను. పైడమ్మ లేత పొత్తులు విరుచుకొచ్చింది. తాత చూపించిన ఆకుపచ్చ కుంపట్లో బొగ్గులు రాజేసింది. అది వేడెక్కడానికే రెండు గడియలు పట్టింది. పొత్తు పెట్టి మూత మూసింది.

మూసిందే గాని మనసు నిలవలేదు. అసిరమ్మ కుంపటి వాసన మజిలీ దాటి వచ్చేది, ఇది అంత దూరం పోతోందా? మూత ఎత్తి చూసింది. మూసింది. అసిరమ్మ కోడి ఈపాటికి ఎర్రబడేది, ఇది ఎర్రబడిందా? మళ్ళీ ఎత్తింది. అలా పదిసార్లు ఎత్తి పదిసార్లు మూసేసరికి లోపలి వేడంతా పైకే పోయింది. తీసి చూస్తే పొత్తు పచ్చిగా ఉంది. గిల్లితే గింజల నుంచి పాలు కారుతున్నాయి.

"ఒకటి," అన్నాడు సూరన్న తాత.

రెండోసారి పైడమ్మ మూత ఎత్తనే లేదు. కానీ అసిరమ్మ కుంపటి కంటే తనది బాగా మండాలి కదా! అడుగు తలుపు బార్లా తెరిచింది. మూత కంత కూడా పూర్తిగా తెరిచింది. గాలి జొరబడి బొగ్గులు భగభగమన్నాయి. "చూడు తాతా, చూడు, దానిది ఎప్పుడైనా ఇలా మండిందా?" అని పైడమ్మ చప్పట్లు కొట్టింది. పొత్తు బొగ్గుల్లో కలిసిపోయింది. ఏది పొత్తో ఏది బొగ్గో పోల్చుకోవడం కష్టమైంది.

"రెండు," అన్నాడు తాత. "తొందర లేదమ్మా. గాలి సగమే తెరువు. మూత మీద చెయ్యి వెయ్యకు. అదే కాలుతుంది."

మూడోసారి పైడమ్మ అతను చెప్పినట్టే చేసింది. గాలి సగం తెరిచింది. చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. చేతులకు పనిలేదు కాబట్టి తలపులకు పని దొరికింది. బండి వచ్చి తన గుమ్మంలో ఆగినట్టు, గడ్డి తీసినట్టు, అసిరమ్మ దారి దాటి పరుగున వచ్చినట్టు, వచ్చి మొహం మాడ్చుకున్నట్టు తలుచుకుంది. ఆ మొహాన్ని ముందునుంచి చూసింది. పక్కనుంచి చూసింది. చూసిన కొద్దీ చూడాలనిపించింది.

"తియ్యమ్మా," అన్నాడు తాత.

మూత ఎత్తితే పొత్తు బంగారంలా ఉంది! ప్రతి గింజా పొంగి, ఎక్కడా మాడకుండా, సమంగా కాలింది. మట్టి కుంపటి మీద పైడమ్మ జన్మలో అలా కాల్చలేదు. ఆనందం పట్టలేక ఆ పొత్తును గబగబా తినేసింది. ఒక్క గింజ మిగల్చలేదు.

"ఎలా ఉంది?" అని అడిగాడు తాత.

"అమోఘం తాతా! ఇది అసిరమ్మ చూడాలి! పగ్గం పుచ్చుకో, ఇదిగో!" అని ఒక చేత్తో పగ్గం అందిస్తూ, రెండో చేత్తో గింజలు పోగా మిగిలిన బెండును చుక్కమ్మ ముందు పారేసింది.

చుక్కమ్మ బెండును నోట కరుచుకుంది. ఒకసారి నమిలి, కింద పడేసి, తల ఎత్తింది.

"అమ్మా, దీనికి ఉప్పు రాయనే లేదు," అంది.

పైడమ్మ నవ్వింది. "నీకు ఊరు విడవడం ఇష్టం లేక వంక పెడతన్నావు."

"ఊరు విడవడం ఇష్టం లేదు, నిజమే. ఉప్పు లేదు, అదీ నిజమే. నాలుగేళ్ళ నుంచి నీ అంగడి బెండులు తింటన్నాను. నీ ఉప్పు నాకు తెలీదేటి?"

పైడమ్మ కొంగు చివర తడుముకుంది. ఇంటి దగ్గర కట్టుకొచ్చిన ఉప్పుకారం పొట్లం, నిమ్మచెక్క, వేసిన ముడి వేసినట్టే ఉన్నాయి. పొత్తును మొదలంటా తిన్నది. ఉప్పు లేదని నాలుకకు తెలియనే లేదు. ఆ పూట ఆమె తిన్నది పొత్తును కాదు, మాడిపోయిన అసిరమ్మ మొహాన్ని.

పైడమ్మకు సిగ్గుతో తల వాలిపోయింది.

సూరన్న తాత పగ్గం అందుకోలేదు. "అమ్మా, నా కుంపటి మంచిది. జాగ్రత్తగా వాడితే నీ మనవరాళ్ళ కాలం దాకా ఉంటుంది. పూటంతా నిదానంగా కాలాల్సిన మాంసం ఉంది కాబట్టి అసిరమ్మకు అది పనికొచ్చింది. నీ దగ్గరికొచ్చేవాడు ఎద్దుల్నే ఆపడు. వాణ్ణి రెండు గడియలు నిలబెట్టి పొత్తు కాలుస్తావేటి? నీ పనికి కావాలంటే చెప్పు, ఇప్పుడే బండి కట్టిస్తాను. ఎదురింటిదాని మొహం మాడ్చడానికే అయితే, అలాంటి కుంపటి నేను చెయ్యను."

పైడమ్మ చాలాసేపు ఆకుపచ్చ కుంపటిని చూసింది. అది ఇప్పటికీ అందంగానే ఉంది. ఇప్పటికీ కావాలనే ఉంది. అబద్ధం ఎందుకు, అసూయ అంత తొందరగా పోదు. అయినా పగ్గాన్ని రెండు చుట్లు చేతికి చుట్టుకుని, తాతకు దండం పెట్టి, ఇంటిదారి పట్టింది.

ఎండ తగ్గేవేళకు మజిలీ చేరింది. అసిరమ్మ దారిలోనే ఎదురై, "అప్పుడే వచ్చేసినావేం? పుట్టింట అందరూ బాగున్నారా?" అంది.

ఇంకో అబద్ధం నాలుక చివరి దాకా వచ్చింది. పైడమ్మ దాన్ని మింగేసింది.

"పుట్టింటికి పోలేదు వదినా. నీ కుంపటి చూసి ఓర్చుకోలేకపోయినాను. నెల రోజులుగా కుళ్ళి చస్తన్నాను. నీదానికంటే పెద్దది కొందామని, చుక్కమ్మను ఇచ్చేద్దామని గుల్లపాడు తోలుకుపోయినాను."

అసిరమ్మ మొహం రంగు మారింది. తిడుతుందనుకుని పైడమ్మ తల దించుకుంది. అసిరమ్మ తిట్టలేదు. దారి పక్కన బండరాయి మీద కూలబడింది.

"నువ్వు నిజం చెప్పినావు, ఇక నేను దాచి ఏం లాభం?" అంది. "నాలుగేళ్ళుగా నీ గేదెను చూసి ఏడుస్తన్నాను వదినా. పొద్దున్నే నీ చెంబులో పాలు పడే చప్పుడు వింటే నాకు ఒళ్ళు మండిపోయేది. ఒక్కనాడైనా ఆ చప్పుడు ఆగిపోతే బాగుణ్ణని కోరుకున్నాను. నా పాపిష్టి కోరిక తీర్చడానికి నువ్వే బయల్దేరినావా!"

పైడమ్మ చేతికి చుట్టుకున్న పగ్గం వైపు చూసుకుంది. ఇంకొక్క అర గడియ, ఆ బెండు చుక్కమ్మ నోట పడకపోయి ఉంటే, తన చేతులతో తానే ఆ చప్పుడు ఆపి వచ్చేది. కుంపటిని బండి మీద ఎక్కించుకుని, నవ్వుకుంటూ మరీ వచ్చేది.

ఆమె చుక్కమ్మ మెడ చుట్టూ చేతులు వేసి ఏడ్చింది. అసిరమ్మ కూడా లేచి వచ్చి పక్కన నిలబడింది. చుక్కమ్మ ఇద్దరినీ చూసి, అసిరమ్మ నుంచి ఒక అడుగు దూరం జరిగింది. గేదెలకు నమ్మకం కుదరాలంటే కొంచెం సమయం పడుతుంది.

కనుక పిల్లలూ, అవసరమై కొన్నది మన ఇంటికి ఏదో ఒకటి తెస్తుంది. అసూయపడి కొన్నది మాత్రం లోపలికి వస్తూ వస్తూ మన ఇంట్లో ఉన్న మంచిదాన్నే బయటికి తోలేస్తుంది.